వీధిలో డిజిటల్ ఆర్ట్ ఫెస్టివల్, 3వ పాఠం: ముందు చీకటి సంపాదించండి

పోయిన పాఠంలో డేటు ఫిక్స్ చేసుకున్నాం కదా, తిరుపతిలో బ్రహ్మోత్సవాలూ మే నెల గంగ జాతరా తప్పించి (అధికమాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు, అది మర్చిపోయినారంటే ఆర్టిస్టులకి రూమే దొరకదు). ఇప్పుడు ఆర్టిస్టుల వీడియోలని వీధి గోడ మీద వేసే ప్రొజెక్టర్ సంగతి.

అందరూ ఫస్టు ఆర్టిస్టుల లిస్టు రాస్తారు, నేనైతే ఫస్టు గోడ చూస్తా, అదీ రాత్రి ఏడున్నరకి, పగలు పోతే ఏం తెలీదు. ప్రొజెక్టర్ స్పెక్స్‌లో త్రో రేషియో అని ఉంటాది, అంటే బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలో చెప్పే అంకె, 1.5 అనుకోండి, బొమ్మ 4 మీటర్ల వెడల్పు కావాలంటే 4 ఇంటూ 1.5, గోడకి 6 మీటర్ల దూరంలో పెట్టాల. మన సందుల్లో అంత జాగా యాడుంది, ఎదురింటి అరుగెక్కాల్సిందే, అందుకే షార్ట్ త్రో, అంటే దగ్గర్నుంచే పెద్ద బొమ్మ వేసే ప్రొజెక్టర్, అద్దెకడగండి. ఇంక వెలుతురు. ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుతురుని ల్యూమెన్లలో చెప్తారు, 3000 ల్యూమెన్లని 4 బై 2.25 మీటర్ల బొమ్మకి, అంటే 9 చదరపు మీటర్లకి పంచితే సుమారు 333 లక్స్ (ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు). వెడల్పు 8 మీటర్లు చేస్తే వైశాల్యం 4 రెట్లవుతాది, వెలుతురు 83కి పడిపోతాది.

లెక్కలన్నీ సరిగ్గా వేసుకుని కూడా నేను దెబ్బతిన్నా. గాంధీ రోడ్డు పక్క సందులో, కొత్తగా సున్నం కొట్టిన గోడ, ఏడింటికి ఎదురంగడి ఎల్‌ఈడీ బోర్డు వెలిగింది, వీడియోలో ముసలమ్మ మొహం ఒకసారి ఎర్రగా ఒకసారి పచ్చగా, ఆర్టిస్టుకి ఏడుపొక్కటే తక్కువ. అంగడాయన దగ్గరికి పోతే "ముందు టీ తాగు నాయనా" అని, తాగినాక ఆయనే బోర్డు ఆఫ్ చేసి కుర్చీ బయటేసుకుని చూసినాడు. నాలుగు రోజుల ముందే అడిగుంటే ఆ టెన్షనే లేదు.

ఆస్ట్రియాలో లింజ్ అనే ఊళ్ళో 1979లో ఆర్స్ ఎలక్ట్రానికా అనే డిజిటల్ ఆర్ట్ ఫెస్టివల్ మొదలైనప్పుడు నది ఒడ్డున పార్కులో సంగీతం వేస్తా, ఇళ్ళలో ఉన్నోళ్ళని అదే సంగీతం వచ్చే రేడియోలు కిటికీల్లో పెట్టమన్నారు. వాళ్ళు సౌండు అడిగినారు, మనం చీకటి అడుగుతాం, అంతే తేడా.

హోంవర్క్: మీ గోడ మీద పడే ప్రతి లైటూ రాసి, పక్కన దాని స్విచ్ ఎవురి చేతిలో ఉందో రాయండి. వీధిలైటుకి మాత్రం కార్పొరేషన్‌కి లెటర్ పెట్టాల, మీరే స్తంభం ఎక్కబాకండి సామీ. వచ్చే పాఠంలో జనరేటర్.