డెంగీ టెస్టుకి వెళ్లే ముందు జ్వరం ఎన్నో రోజో లెక్క చూసుకోండి

జ్వరం, ఒళ్లు విరుచుకుపోయే నొప్పులు, కళ్ల వెనక పోటు, ఇక డెంగీ ఏమోనని టెన్షన్ మొదలవుతుంది. ల్యాబ్‌కి పరిగెత్తే ముందు జ్వరం ఏ రోజు మొదలైందో రాసి పెట్టుకోండి. ఏ టెస్టు చేయించాలి, వచ్చిన రిపోర్టుని ఎంతవరకు నమ్మాలి అన్నది ఆ తేదీని బట్టే ఉంటుంది.

మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్‌1 యాంటిజెన్. ఇది వైరస్ విడుదల చేసే ప్రోటీన్‌నే రక్తంలో పట్టుకుంటుంది కాబట్టి మొదటి రోజు నుంచే తేలొచ్చు, తర్వాత మెల్లగా తగ్గిపోతుంది. ఐజీఎం అలా కాదు, అది మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, నాలుగైదు రోజులు గడిస్తే గానీ కనపడదు. అందుకే రెండో రోజు ఐజీఎం ఒక్కటే చేయించి నెగెటివ్ అని ఊపిరి పీల్చుకున్నా, ఎనిమిదో రోజు ఎన్‌ఎస్‌1 ఒక్కటే చేయించి డెంగీ కాదని తేల్చేసుకున్నా మోసపోతారు. నాలుగు, ఐదు రోజుల దగ్గర ఉంటే రెండూ చేయించడమే మంచిది.

ఇంకో తిరకాసు ఉంది. ఐజీఎం రెండు మూడు నెలల వరకు రక్తంలో ఉండిపోవచ్చు, అంటే ఇప్పటి జ్వరం వేరేదై ఉండి పాత డెంగీ పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. ఇంతకుముందు డెంగీ వచ్చిపోయిన వాళ్లలో ఎన్‌ఎస్‌1 దొరక్కుండా తప్పించుకునే అవకాశం కూడా ఎక్కువే. ర్యాపిడ్ కార్డు (రక్తం చుక్క వేస్తే గీతలు చూపించే కిట్) నిమిషాల్లో తేల్చేస్తుంది నిజమే, నమ్మకం మాత్రం ల్యాబ్‌లో మెషిన్ మీద చేసే ఎలీసా పద్ధతికే ఎక్కువ. మలేరియా టెస్టు కూడా అదే రక్తంతో చేయించేయండి.

నన్నడిగితే వీటన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది మామూలు సీబీసీ, అంటే రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే టెస్టు. ముందు తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, తర్వాత మూడో రోజు నుంచి ప్లేట్‌లెట్లు పడతాయి. అందరూ ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని కూర్చుంటారు గానీ పక్కనే ఉండే పీసీవీని, అదే హెమటోక్రిట్‌ని (రక్తంలో ఎర్ర రక్తకణాల శాతం), ఎవరూ చూడరు. రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారిపోతుంటే రక్తం చిక్కబడి ఈ అంకె పెరుగుతుంది, మొదటి రిపోర్టు కంటే 20 శాతం పెరిగిందంటే ప్రమాదమే. పోల్చుకోవడానికి మొదటి రోజుల్లోనే ఒక సీబీసీ ఉండాలి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్నిసార్లు వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి మరీ తక్కువ చూపిస్తే, అవి గుంపులు కట్టడం వల్ల మెషిన్ తప్పు లెక్క ఇచ్చిందేమో స్లైడ్ మీద మైక్రోస్కోప్‌తో చూడమని అడగండి.

జ్వరం తగ్గింది కదా అని టెస్టులు ఆపేయకండి, అసలు గండం జ్వరం తగ్గాక వచ్చే ఆ 24 నుంచి 48 గంటల్లోనే. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఎదురు చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.