1897 నాటి రాస్ క్లోరోక్విన్ పేరు చెబితే: ఏఐతో పాతకాలం పెద్దలను మాట్లాడించేటప్పుడు వచ్చే తేడాలు, వాటికి మందు

సికింద్రాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ గది పక్కన ఇంకో చిన్న గది ఉంది. ఆదివారం పొద్దున పది పన్నెండు మంది పిల్లలు అక్కడ చేరతారు. ఒక లాప్‌టాప్ పెట్టుకుని, ఏఐ చాట్‌బాట్‌ను వారానికొక పెద్దమనిషిగా మాట్లాడమంటాం. రొనాల్డ్ రాస్, వేమన, గిడుగు రామమూర్తి, యల్లాప్రగడ సుబ్బారావు, ఇలా. పుస్తకంలో రెండు లైన్లలో చదివి వదిలేసిన మనిషి, తాము అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంటే పిల్లలు కుర్చీల అంచుకు జరిగి వింటారు. నాకు ఈ పని అంటే ప్రాణం. అందుకే అందులో ఒక్క అబద్ధం దొర్లినా ఆ రోజంతా మనసు బాగుండదు.

ఏడాదిగా మాకు ఎదురైన తేడాలు, వాటికి కారణాలు, మేం చేసుకున్న మరమ్మతులు రాస్తున్నాను. ఇంట్లో పిల్లలతో గానీ, క్లాసులో గానీ ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్లకు పనికొస్తాయి.

ముందుగా ఒక సంగతి. చాట్‌బాట్‌లో రాస్ ఉండడు. తాను చదివిన కోట్ల పేజీలను బట్టి, ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టుకుంటూ అది వాక్యం అల్లుతుంది. కింద చెప్పే తేడాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఆ కాలంలో లేని సంగతులు చెబుతోంది

మేం రాస్‌తో మొదలుపెట్టింది ఆగస్టు 20న, దోమల దినం రోజు. 1897లో అదే తేదీన ఆయన సికింద్రాబాద్‌లో, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో ఉన్న భవనం మా పిల్లలకు తెలుసు. బస్సులో ఆ దారినే వెళ్తుంటారు.

"మీకే మలేరియా వస్తే ఏం మందు వేసుకుంటారు సార్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. "క్లోరోక్విన్" అని జవాబు వచ్చింది. క్లోరోక్విన్ తయారైంది 1934లో. రాస్ 1932లోనే పోయాడు. 1897లో డాక్టర్ల చేతిలో ఉన్నది క్వినైన్. ఆ మాటల్లోనే దోమను "అనాఫిలిస్" అని కూడా అంది. ఆ రోజుకి రాస్‌కు దాని పేరు తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు, అంతే.

కారణం ఏమిటంటే, రాస్ గురించి అది చదివినదంతా ఒకే కుప్పగా ఉంటుంది. ఆయన రాసుకున్నదీ, ఆయన పోయాక ఇతరులు రాసినదీ, నిన్నమొన్నటి ఆరోగ్య వ్యాసాలూ కలిసిపోయి ఉంటాయి. "రాస్‌లా మాట్లాడు" అని మాత్రమే చెబితే ఆ కుప్పలోంచి చేతికి అందింది తీసి ఇస్తుంది.

పరిష్కారం: మనిషి పేరు ఒక్కటే చాలదు, తేదీ, ఊరు కూడా ఇవ్వాలి. ఏం తెలియకూడదో కూడా చెప్పాలి. మేం చాట్ మొదట్లో పెట్టే మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

"ఈ రోజు 1897 ఆగస్టు 20. నువ్వు సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న ఆర్మీ డాక్టర్ రొనాల్డ్ రాస్‌వి. ఈ తేదీ తర్వాత జరిగినవేవీ నీకు తెలియవు. వాటి గురించి ఎవరైనా అడిగితే ఆ సంగతి నాకు తెలియదు అని చెప్పు. కింద అతికించిన పేజీల్లో ఉన్నదే చెప్పు. లేనిది అడిగితే, ఇది నా కాగితాల్లో లేదు అను. ఊహించి చెప్పాల్సి వస్తే ముందు ఊహ అని చెప్పి ఆ తర్వాత చెప్పు."

చివరి రెండు వాక్యాలు వదిలేస్తే మిగతాదంతా రాసినా ఫలితం సగమే. ఇక అతికించే పేజీల కోసం కొంచెం తిరగాలి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం నోబెల్ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1923లో వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకం ఉంది. చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయని, కంటి అద్దం పగిలిందని, పంకా వేస్తే కోస్తున్న దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నానని ఆయన చెప్పుకున్నాడు. ఆ భాగం అతికించాక ఇంకో పిల్లాడు "మరి ఫ్యాన్ వేసుకోలేదా సార్?" అని అడిగాడు. ఈసారి వచ్చిన జవాబు ఆ పేజీలోంచి వచ్చింది. అందరం ఒక్క నిమిషం గదిలో ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాం. ఆ ఆదివారం పిల్లలు నేర్చుకున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

పేజీలు పెట్టేటప్పుడు తేదీ మళ్లీ చూసుకోండి. 1902 ప్రసంగం మొత్తం పెట్టి, నీకు 1897 తర్వాత ఏమీ తెలియదు అంటే తికమక పడుతుంది. సికింద్రాబాద్ దాకా ఉన్న భాగమే పెట్టాలి. పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని చూపింది తర్వాతి ఏడాది కలకత్తాలో. అది కావాలంటే ఇంకో చాట్ తెరిచి 1898 తేదీ ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. నిజంగా జ్వరంతో ఉన్న పిల్లాడి గురించి ఏ శతాబ్దపు మనిషినీ అడగనివ్వను. దానికి డాక్టరే.

ఏది అడిగినా అవుననేస్తోంది

సుబ్బారావు గారి వారం. భీమవరంలో 1895లో పుట్టి, అమెరికా వెళ్లి, ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపిన మనిషి. ఒక అబ్బాయి ఎంతో గౌరవంగా "సార్, మీకు నోబెల్ ఏ సంవత్సరం వచ్చింది?" అని అడిగాడు. చాట్‌బాట్ ఒక సంవత్సరం చెప్పి, వేదిక మీద తనకెలా అనిపించిందో కూడా వర్ణించింది. ఆయనకు నోబెల్ రాలేదు.

కారణం మన ప్రశ్నలోనే ఉంది. వచ్చిందని మనమే ఒప్పేసుకుని అడిగాం. ఎదుటివాళ్లకు నచ్చేలా జవాబివ్వడం దానికి అలవాటు చేశారు కాబట్టి కాదనడానికి వెనకాడుతుంది. "నోబెల్ వచ్చిందా, రాలేదా? ఎలా తెలుసు?" అని అడగమని పిల్లలకు నేర్పాను. ఇంకో చిట్కా: మొదటి ఐదు నిమిషాల్లో కావాలనే ఒక తప్పు ప్రశ్న వేయండి. అవునంటే ఆ చాట్ మూసేసి, మొదట్లో పెట్టే మాటల్లో "నా ప్రశ్నలో తప్పుంటే ముందు అది సరిదిద్దు" అని చేర్చి మళ్లీ మొదలుపెట్టండి.

ఆయన అనని మాటలు ఆయనవిగా చెబుతోంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే. తేదీ తప్పైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మంచి మాట అబద్ధమైతే వాట్సాప్‌లో పడి ఊళ్లు తిరుగుతుంది.

వేమనను పద్యం చెప్పమంటే ఒక పద్యం వచ్చింది. మొదటి పాదం: "నీరు లేని చోట చెట్టు ఎదగలేదు". కింద మామూలు మకుటం. పిల్లలు చప్పట్లు కొట్టారు, రాసుకున్నారు కూడా. మా తోడికోడలు తెలుగు టీచర్. ఆ రోజు మా ఇంటికి వచ్చి ఉంది. నోట్‌బుక్ చూసి, "అక్కా, ఇది వేమనది కాదు. గణాలు పట్టుకుంది గానీ యతి వదిలేసింది" అంది.

ఎలాగో పెన్సిల్‌తో గీసి చూపించింది. గణమంటే గురు లఘు అక్షరాల గుంపు; సూర్యగణం, ఇంద్రగణం అందులో రకాలు. వేమన వాడే ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో యతి (అక్షరాల పొంతన) కుదరాలి, లేదంటే ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాల పొంతన) ఉండాలి. ఆ పాదాన్ని విడగొడితే నీరు, లేని, చోట, చెట్టుఎ, దగలేదు. గణాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ 'నీ'కి 'చె'కి యతి లేదు. ప్రాసయతి చూద్దామా అంటే 'రు'కి 'ట్టు'కి కుదరదు. పైగా "చెట్టు ఎదగ" దగ్గర సంధి చేయకుండా అచ్చును అలాగే వదిలేసింది. అదే మకుటం చూడండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు సూర్యగణాలు, 'వి'కి 'వి' యతి. పిల్లలు నోటికి చెప్పే ఆ ఒక్క పాదమే కొలబద్ద అయింది.

కారణం: చాట్‌బాట్ పద్యాలన్నిటినీ బట్టీ పట్టదు. పద్యం తీరు పట్టుకుంటుంది. బాగా వాడుకలో ఉన్నవి సరిగానే రావచ్చు. అంతకు మించి అడిగితే అదే తీరులో కొత్తవి పుట్టిస్తుంది. వేమన విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఆయన పేరుతో తిరుగుతున్న పద్యాల్లో ఆయనవి ఏవో పండితులకే పూర్తిగా తేలలేదు. సి.పి.బ్రౌన్ 1829లో కొన్ని వందల పద్యాలు ఏరి అచ్చు వేయించేనాటికే వాటికి ఎన్నో పాఠాలు.

పరిష్కారం: ఛందస్సు పరీక్ష మొదటి జల్లెడ. కానీ అందులో నెగ్గినంత మాత్రాన అసలుదని కాదు, యతి సరిగ్గా వేసే దొంగ పద్యమూ రావచ్చు. కాబట్టి అచ్చు పుస్తకంలో కనబడితేనే పద్యం కింద ఆయన పేరు రాయాలి. తెలుగు వికీసోర్స్‌లో వెతకండి. లేదా సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లండి. 1901 నుంచి ఉన్న గ్రంథాలయం అది. పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. చాట్‌బాట్ ఇచ్చిన ఏడు పద్యాలు రాసుకుని వెళ్తే పుస్తకంలో మూడే దొరికాయి. ఆ మూడూ దొరికినప్పుడు వాళ్లు పేజీల మీద వేలు పెట్టి అరిచిన అరుపుకి పక్కనే పేపర్ చదువుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, తనకు కంఠస్థమైన ఇంకో నాలుగు చెప్పారు.

గిడుగు వారు అనువాదం తెలుగులో మాట్లాడుతున్నారు

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి నోట మొదటి మాట: "ఇది ఒక అద్భుతమైన ప్రశ్న! నేను మీకు సహాయం చేయడానికి ఇక్కడ ఉన్నాను." ఒక వాక్యంలో "నువ్వు", తర్వాతి వాక్యంలో "మీరు". నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చదివిన వాటిలో తెలుగు పాలు చాలా తక్కువ. ఇంగ్లిష్ అచ్చులోనే వాక్యం పోసి మనకు అందిస్తుంది. "మంచి తెలుగులో చెప్పు" అంటే గ్రాంథికంలోకి పోతుంది, ఇంకా కష్టం. నమూనా ఇవ్వడమే దారి. ఇంట్లో తాతయ్య మనవడితో మాట్లాడేలాంటి పది పదిహేను వాక్యాలు మీరే రాసి పెట్టండి. పిల్లలను "నువ్వు" అనాలి, పొగడ్తతో మొదలుపెట్టకూడదు, వాక్యం చిన్నగా ఉండాలి అని విడిగా చెప్పండి. అప్పుడు వచ్చేది గిడుగు వారి గొంతని నేను అనను. కనీసం వినబుద్ధి అవుతుంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ మర్చిపోతోంది

అరగంట దాటాక 1897 రాస్ మళ్లీ ఈనాటి మనిషైపోతాడు. చాట్‌బాట్ ఒకసారికి గుర్తుంచుకోగలిగే మేరకు హద్దు ఉంది. తెలుగు అక్షరాలను అది ఎక్కువ ముక్కలుగా విడగొట్టుకుంటుంది కాబట్టి మనకు ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. కొత్త చాట్ తెరిచి మొదటి మాటలు, పేజీలు మళ్లీ అతికించండి. అంతే.

మరీ మంచివాడైపోతున్నాడు

ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీ గురించి అడిగితే రాస్ "నా గౌరవనీయ మిత్రుడు" అన్నాడు. మలేరియా ఘనత ఎవరిదన్న దాని మీద వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి గట్టి గొడవ. చాట్‌బాట్‌లకు నెమ్మదితనం నేర్పుతారు, అది చరిత్రకు కూడా పూసేస్తుంది. గొడవ ఉన్న పేజీలే, ఆ కాలపు తేదీతో పెట్టి, "కోపం దాచకు, తిట్లు మాత్రం వద్దు" అని రాయండి. పెద్దవాళ్లూ అసూయ పడతారని పిల్లలకు తెలిస్తే నష్టమేం లేదు.

కాగితాలే లేని మనిషిని అడిగితే

దీనికి మరమ్మతు లేదు.

రాస్ ఆ రోజు కోసిన దోమ నాలుగు రోజుల ముందు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. మా అబ్బాయి "అమ్మా, ఈసారి హుస్సేన్ ఖాన్‌తో మాట్లాడదాం" అన్నాడు. పెట్టాం. వెంటనే ఆయనకో ఊరు వచ్చింది, ముగ్గురు పిల్లలు వచ్చారు, భార్య పేరు వచ్చింది, దేశానికి సేవ చేశానన్న గర్వం వచ్చింది. ఒక్కదానికీ ఆధారం లేదు. పై నియమాలన్నీ పెట్టి మళ్లీ అడిగితే ప్రతి ప్రశ్నకూ "ఇది నా కాగితాల్లో లేదు" అనే వచ్చింది. అదే నిజమైన జవాబు.

లాప్‌టాప్ మూసేశాను. ఆయనను అడగాలనుకున్నవి కాగితం మీద రాయమని పిల్లలకు చెప్పాను. గది గోడకు ఇప్పటికీ ఆ చార్ట్ ఉంది. "దోమలు కుడుతుంటే లెక్క మీరు పెట్టుకున్నారా, వాళ్లు పెట్టారా?" "ఆ అణాలతో ఏం కొన్నారు?" "ఎందుకు కుట్టిస్తున్నారో మీకు చెప్పారా?" అందరికంటే చిన్నది, రెండో తరగతి పిల్ల, అడుగున క్రేయాన్‌తో రాసింది: "మీకు జరం తగ్గిందా?"