హత్య కేసులో చిన్నపిల్లలు సాక్షులైతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఇంట్లో హత్య జరిగితే పరామర్శకు జనం వస్తారు. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు పాపను ఒళ్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, "ఏం చూశావు తల్లీ?" అని అడుగుతారు. పాప చెబుతుంది. సాయంత్రం ఇంకో చుట్టం వస్తే మళ్లీ చెప్పిస్తారు. పెద్దకర్మ నాటికి ఆ పిల్ల అదే విషయం ముప్పై నలభైసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ పక్కనున్న పెద్దవాళ్లు ఒకటో రెండో మాటలు అందిస్తూనే ఉంటారు. ఏడాదికో రెండేళ్లకో కోర్టులో డిఫెన్స్ లాయర్ వెతికేది సరిగ్గా ఆ అందించిన మాటల కోసమే.

పిల్లల సాక్ష్యాన్ని ఎక్కువగా పాడుచేసేది వాళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లే. అందుకే ఈ వ్యాసం పోలీసులకో లాయర్లకో కాదు, అమ్మమ్మలకు, తాతయ్యలకు, మేనమామలకు, పెద్దమ్మలకు.

ముందు ఒక అపోహ సంగతి. "చిన్నపిల్ల, కోర్టులో దీని మాట చెల్లదులే" అని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో సాక్షికి కనీస వయసు అంటూ లేదు. అడిగిన ప్రశ్న అర్థమై, దానికి తగ్గ జవాబు ఇవ్వగలిగితే చాలు. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 118వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 124వ సెక్షన్. కర్ణాటకకు చెందిన ఒక హత్య కేసులో, సంఘటన నాటికి సుమారు నాలుగేళ్లున్న పాప సాక్ష్యాన్ని నమ్మి 2001లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. మధ్యప్రదేశ్‌లో ఏడేళ్ల పాప తన తండ్రే తల్లిని చంపాడని చెప్పిన కేసులో హైకోర్టు అతన్ని వదిలేస్తే, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి పాప మాటనే నిలబెట్టింది.

మొదటి రోజు: ఒక్కరే వినండి, రాసి పెట్టండి

పిల్లకు బాగా చనువున్న ఒక మనిషి మాత్రమే వినాలి. "ఏమైంది?", "తర్వాత?" ఈ రెండు ప్రశ్నలు చాలు. "బాబాయే కదా కొట్టింది?" అన్నారంటే జవాబు మీరే ఇచ్చేసినట్టు. ఇలా జవాబును లోపల పెట్టుకుని అడిగే ప్రశ్నను తన సొంత సాక్షిని అడగడానికి ప్రభుత్వ ప్లీడర్‌కే కోర్టులో మామూలుగా అనుమతి ఉండదు. మనం ఇంట్లో రోజుకు పదిసార్లు అడుగుతాం.

పిల్ల ఏ మాట అంటే ఆ మాటే రాయండి. తేదీ, టైము, అప్పుడు పక్కన ఎవరున్నారో కూడా. భాష దిద్దొద్దు. చిన్నపిల్లలకు "నిన్న" అంటే నిజంగా నిన్నే కావచ్చు, పోయిన నెలా కావచ్చు. గంట తెలియదు కానీ "బువ్వ తిన్నాక", "బొమ్మలు వచ్చేటప్పుడు" అని చెబుతారు. కొడవలినీ కత్తే అంటారు, కత్తిపీటనూ కత్తే అంటారు. ఇక వరసలు మన తెలుగు ఇళ్లలో పెద్ద చిక్కు. ఒకే వీధిలో ఆ పిల్ల "మావయ్య" అని పిలిచేవాళ్లు ముగ్గురుంటారు. "మావయ్య వచ్చాడు" అన్న మాటలో ఏ మావయ్యో తేలకపోతే కేసు అక్కడే కూలిపోతుంది. అలాగని పేరు మీరు అందించకూడదు. "ఏ మావయ్య?" అని ఒక్కసారి అడిగి, వచ్చిన జవాబు రాసుకుని వదిలేయండి.

ఆ తర్వాత ఇంట్లో అందరికీ కచ్చితంగా చెప్పేయండి: ఈ విషయం పిల్లను ఎవరూ అడగొద్దు. తనంతట తాను చెబితే వినాలి, అంతే. ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే పిల్లలు తమ మొదటి జవాబు తప్పేమో అనుకుని మార్చేస్తారు. అది అబద్ధం కాదు, బడి అలవాటు. టీచర్ మళ్లీ అడిగిందంటే జవాబు తప్పనే కదా లెక్క.

యూట్యూబ్ చానల్ వాళ్లు మైకు పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. తలుపు వేసేయండి. నేరానికి సాక్షి అయిన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడం జువనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఆ వీడియోలో పాప అన్న ప్రతి మాటా రేపు క్రాస్‌లో, అంటే కోర్టులో ఎదుటి లాయర్ సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఒక ప్రశ్న అవుతుంది.

పోలీసులు వాంగ్మూలం తీసుకునేటప్పుడు

పదిహేనేళ్లలోపు మగపిల్లలను, ఏ వయసు ఆడవాళ్లనైనా విచారణకు స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. పోలీసులే ఇంటికి రావాలి. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం పాత సీఆర్‌పీసీలో 160, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 179 సెక్షన్ ఇదే చెబుతుంది. ఎస్‌ఐ ఫోన్ చేసి "పాపను తీసుకుని స్టేషన్‌కు రండి" అంటే "ఇంటికే రండి సార్" అని మర్యాదగానే అడగొచ్చు. యూనిఫాం లేకుండా వస్తే మరీ మంచిది.

పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద పాపతో గానీ మీతో గానీ సంతకం పెట్టించకూడదు. దాన్ని నేరుగా సాక్ష్యంగా వాడరు. కానీ "ఈ ముక్క అప్పుడు పోలీసులకు చెప్పలేదు, ఇప్పుడు కొత్తగా చెబుతున్నావు" అని ఎదుటి లాయర్ నిలదీయడానికి బాగా పనికొస్తుంది. కాబట్టి పాప చెప్పింది చెప్పినట్టు రాశారో లేదో చదివి వినిపించమనండి. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారిని అడగడమూ మేలే (బీఎన్‌ఎస్‌ఎస్ 183, పాత 164). త్వరగా జరిగితే పిల్ల మాట తాజాగా ఉన్నప్పుడే కాగితం మీదకు వస్తుంది.

ఆలస్యమైతే అంతా పోయినట్టేనా? కాదు. పైన చెప్పిన మధ్యప్రదేశ్ కేసులో పాప వాంగ్మూలం తీసుకున్నది సంఘటన జరిగిన 18 రోజులకు. హైకోర్టు దాన్నే పెద్ద లోపంగా చూసింది. ఆ ఆలస్యం ఒక్కటే పాప మాటను పక్కన పెట్టడానికి చాలదని సుప్రీంకోర్టు అంది. అయినా 18 రోజులు ఎందుకు పట్టిందో వివరించుకునే పరిస్థితి తెచ్చుకోకపోవడమే నయం.

నిందితుడు తండ్రే అయి, పిల్ల ఇంకా అతని తరఫు వాళ్లింట్లోనే ఉంటే మాత్రం కాలయాపన చేయొద్దు. జిల్లా బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి, లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. రోజూ అన్నం పెట్టే మనుషులకు వ్యతిరేకంగా ఆరేళ్ల పిల్ల సాక్ష్యం చెప్పాలనుకోవడం అన్యాయం. బెదిరింపులు వస్తుంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద జిల్లాలో అర్జీ పెట్టుకోవచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ పోలీసుల నుంచి రిపోర్టు తెప్పించుకుని నిర్ణయిస్తుంది.

పిల్లకు రాత్రుళ్లు కలవరింతలు, పక్క తడపడం లాంటివి ఉంటే కౌన్సెలింగ్‌ను కేసు కోసం వాయిదా వేయకండి. భయం తగ్గించడమే కౌన్సెలర్ పని. సాక్ష్యం రిహార్సల్ అక్కడ జరగకుండా చూసుకుంటే చాలు.

సమన్లు వచ్చాక

చార్జిషీటులో పిల్ల పేరు ఎల్‌డబ్ల్యూ (జాబితాలోని సాక్షి) నంబరుతో ఉంటుంది. సమన్లు రాగానే పీపీని (ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్లీడర్‌ను) కలవండి. తల్లిదండ్రులకు చట్టం తెలియకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పిల్లలకు ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, ఫోన్ నంబరు 15100. ఆ లాయర్ కేసు నడపడు, పీపీకి సాయంగా ఉంటాడు.

పీపీని అడగాల్సినవి ఇవి: మా పిల్లను వల్నరబుల్ విట్‌నెస్ కేంద్రంలో (పిల్లల్లాంటి సాక్షులు భయం లేకుండా సాక్ష్యం చెప్పే ప్రత్యేక గదిలో) విచారించమని పిటిషన్ వేస్తారా? నిందితుడు కనపడకుండా తెర గానీ వీడియో గానీ పెట్టిస్తారా? ఆ రోజు మొదటి సాక్షిగా పిలిపిస్తారా? ప్రతి జిల్లాలో ఇలాంటి కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. అంతకుముందు 2017లో ప్రతి హైకోర్టు పరిధిలో కనీసం రెండు పెట్టమంది. ఇవి అత్యాచార కేసులకేనని కొందరు అనుకుంటారు. పద్దెనిమిదేళ్లలోపు సాక్షి ఎవరైనా, హత్య కేసైనా అడగొచ్చు. అడగకపోతే మాత్రం చాలా చోట్ల మామూలు బోనులోనే నిలబెడతారు.

ఇక అందరూ తికమకపడే విషయం: సిద్ధం చేయడం వేరు, నేర్పించడం వేరు. కోర్టు గది ఎలా ఉంటుందో చూపించొచ్చు. జడ్జి గారు ఎక్కడ కూర్చుంటారు, నల్లకోటు వాళ్లు ఎవరు, టైపు కొట్టే మనిషి ఎందుకున్నాడు, ఇవన్నీ చెప్పొచ్చు. ముందు రోజు తీసుకెళ్లి ఖాళీ హాలు చూపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. "గుర్తున్నదే చెప్పు. తెలియకపోతే తెలీదు అను. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను. ఉచ్చ వస్తే చెప్పు" అనొచ్చు. జరిగిన సంగతి ఒక్క ముక్క కూడా గుర్తు చేయొద్దు. "ఎర్రచొక్కా అని చెప్పడం మర్చిపోకు" అన్నారో, అది నేర్పించడమే.

క్రాస్‌లో కచ్చితంగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఏం చెప్పాలో ఇంట్లో ఎవరైనా చెప్పారా?" అంటారు. పిల్ల "అమ్మమ్మ చెప్పింది" అంటుంది. "ఏం చెప్పింది?" అన్న ప్రశ్నకు "నిజం చెప్పమంది" అని వస్తే ఎవరికీ నష్టం లేదు. "ఎవరూ ఏమీ చెప్పలేదని చెప్పు" అని పిల్లకు నూరిపోసేవాళ్లున్నారు. నిజం చెప్పడానికి వెళ్తున్న పిల్లకు ముందుగా ఒక అబద్ధం నేర్పడం ఇది. క్రాస్‌లో అది రెండు నిమిషాలు కూడా ఆగదు.

కోర్టు రోజు

పిల్లతో పాటు వెళ్లే మనిషి సాక్షుల జాబితాలో లేనివాళ్లై ఉండాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు. అమ్మమ్మ కూడా సాక్షే అయితే, పాప చెప్పేటప్పుడు ఆవిడను బయట కూర్చోమంటారు. అప్పుడు ఆ పిల్ల లోపల ఒంటరి అవుతుంది. ముందుగానే ఒక పిన్నినో, టీచర్‌నో అనుకుని పెట్టుకోండి.

పదిన్నరకు పిలుస్తారని వెళ్తే మధ్యాహ్నం దాటొచ్చు, ఆ రోజు వాయిదా పడనూ వచ్చు. టిఫిన్, మంచినీళ్లు, ఇష్టమైన బొమ్మ, మార్చడానికి ఒక జత బట్టలు ఉండాలి. వరండాలో నిందితుడిని ఎస్కార్టు పోలీసులు తీసుకొచ్చే దారికి దూరంగా కూర్చోండి. అతని చుట్టాలు చాక్లెట్ ఇవ్వబోయినా వద్దనండి. సాక్షి బత్తా (రానుపోను ఖర్చులకు సాక్షికి ఇచ్చే డబ్బు) అడిగి తీసుకోండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

లోపల జడ్జి గారు ముందు కేసు గురించి అడగరు. పేరేంటి, ఏ క్లాసు, మీ టీచర్ పేరేంటి, అబద్ధం చెబితే ఏమవుతుంది, ఇలాంటివి అడుగుతారు. పిల్లకు అర్థమవుతోందా, నిజం చెప్పాలన్న సంగతి తెలుసా అని తేల్చుకోవడానికే ఇది. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిజం చెప్పాలని తెలిసినా ప్రమాణం అంటే ఏమిటో తెలియదనిపిస్తే, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ఈ మొదటి ప్రశ్నలను తొందరలో కానిచ్చేస్తే కేసుకే ముప్పు. హర్యానాకు చెందిన ఒక హత్య కేసులో ట్రయల్ జడ్జి సుమారు పన్నెండేళ్ల అబ్బాయిని మూడే మూడు ప్రశ్నలు అడిగి సరిపెట్టారు. 2023లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది, ఆ కేసులో శిక్ష నిలబడలేదు.

క్రాస్‌లో లాయర్ గొంతు పెంచితే, ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగితే, మీరు లేచి అరవకండి. అభ్యంతరం పీపీ చెప్పాలి. భయపెట్టే ప్రశ్నలను ఆపే అధికారం జడ్జికి ఉంది, మధ్యలో విరామం ఇవ్వమనీ అడగొచ్చు. పాప మీ వైపు చూసినప్పుడు తల ఊపడం, కనుసైగ చేయడం మాత్రం పొరపాటున కూడా వద్దు. జడ్జి గారు సాక్షి మొహంతో పాటు సాక్షి ఎవరి వైపు చూస్తోందో కూడా గమనిస్తారు.

బయటకు వచ్చాక

"బాగా చెప్పావా? అది చెప్పావా, ఇది చెప్పావా?" అని అడగకండి. ఆకలేస్తోందా అని అడగండి. "ఇంకెప్పుడూ రానక్కర్లేదు" అని మాట ఇవ్వకండి. అవసరమైతే సాక్షిని మళ్లీ పిలిపించే అధికారం కోర్టుకు ఉంది. మధ్యప్రదేశ్ కేసులో హత్య జరిగింది 2003లో, ఆఖరి తీర్పు వచ్చింది 2025లో. ఏడేళ్ల పాప ముప్పైకి దగ్గరపడింది.

తీర్పు వచ్చిన రోజు ఆ సంగతి ముందుగా మీరే చెప్పండి. వాట్సాప్‌లోనో బడిలోనో తెలియనివ్వొద్దు. నిందితుడు విడుదలైతే "నువ్వు సరిగ్గా చెప్పకపోబట్టే" అనే చుట్టం ఒకరు ఎక్కడో తయారుగా ఉంటారు. ఆ మనిషితో ముందే మాట్లాడి పెట్టండి.