అసెంబుల్డ్ సిస్టంల మ్యాక్‌ఓఎస్ ఎక్కించినంక గ్రాఫిక్స్ మంచిగ నడవాలంటే ఏం చెయ్యాలె

మన హన్మకొండ, వరంగల్, కరీంనగర్ దిక్కు పెండ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముళ్లు చానమంది ఫైనల్ కట్‌కు అలవాటు పడ్డరు, అసలు మ్యాక్ కొనాలంటే పైసలు అందయి కాబట్టి ఇంట్ల ఉన్న అసెంబుల్డ్ సిస్టం మీదనే ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్‌తోని (మామూలు పీసీల మ్యాక్‌ఓఎస్‌ను షురూ చేసే సాఫ్ట్‌వేర్) మ్యాక్‌ఓఎస్ ఎక్కిస్తున్నరు. ఎక్కుడు ఎక్కుతది, అసలు లొల్లి ఆ తర్వాతనే మొదలైతది. అన్నా డాక్ వెనక ట్రాన్స్‌పరెంట్‌గ కనవడ్తలేదు, విండో జరిపితే ఆగి ఆగి జరుగుతుంది, ఫైనల్ కట్ ఓపెనే అయితలేదు అని అడుగుతరు. అబౌట్ దిస్ మ్యాక్‌ల చూస్తే గ్రాఫిక్స్ దగ్గర 7 ఎంబీ అని ఉంటది. అట్ల ఉన్నదంటే మీ కార్డుకు మ్యాక్‌ఓఎస్‌ల డ్రైవరే లోడ్ కాలేదన్నట్టు, ర్యాం పెంచినా ఎస్‌ఎస్‌డీ మార్చినా ఏం ఫాయిదా ఉండది.

విండోస్‌ల అయితే ఏ కార్డైనా పెట్టి కంపెనీ సైట్ల నుంచి డ్రైవర్ దించుకుంటం. ఇక్కడ గట్ల కాదు. ఆపిల్ ఏ కార్డులకు డ్రైవర్ రాసి మ్యాక్‌ఓఎస్ లోపల పెట్టిందో అవి మాత్రమే నడుస్తయి, మనం ఓపెన్‌కోర్‌ల పెట్టే కెక్స్ట్‌లు (మ్యాక్‌ఓఎస్‌కు జోడించే చిన్న డ్రైవర్ లాంటి ఫైళ్లు) ఆ డ్రైవర్ మన కార్డును గుర్తుపట్టేటట్టు చేస్తయి అంతే, లేని డ్రైవర్‌ను పుట్టించవు. అందుకే గ్రాఫిక్స్ పర్ఫార్మెన్స్‌ల ముప్పావు వంతు సంగతి కార్డు కొనే రోజే తేలిపోతది.

సెట్టింగుల్లకు పోయేముందు రెండు మాటలు. ఆపిల్ లైసెన్స్ ప్రకారం మ్యాక్‌ఓఎస్ ఆపిల్ బ్రాండ్ కంప్యూటర్ల మీదనే ఎక్కించాలె, ఇది తెలుసుకొనే చేస్కోండి. ఇంకోటి, 2025ల వచ్చిన తాహో, అంటే మ్యాక్‌ఓఎస్ 26, ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిదని ఆపిలే చెప్పింది. కాబట్టి కొత్తగ లక్ష రూపాయలు పోసి దీనికోసమే సిస్టం కట్టుడు నేనైతే వద్దంట, ఇప్పటికే ఎనిమిదో, తొమ్మిదో, పదో జనరేషన్ ఇంటెల్ సిస్టం ఉన్నోళ్లు కార్డు ఒక్కటి మార్చి ఇంకొన్నేండ్లు పని చేసుకునుడు మాత్రం చానా మంచి పని.

కార్డు సంగతి. ఎన్‌వీడియాను మర్చిపోండి. 2018ల మొజావే వచ్చినప్పటి నుంచి వాళ్ల వెబ్ డ్రైవర్లు బందైనయి, జీటీఎక్స్ 1050, 1060 లాంటివి హై సియెర్రా దాకనే, జీటీఎక్స్ 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ కార్డులకైతే ఏ వెర్షన్‌లనూ డ్రైవర్ లేదు. జీటీ 710 లాంటి పాత కెప్లర్ కార్డులు బిగ్ సర్ దాక నడిచినయి, 2021ల మాంటెరీ నుంచి అవి కూడ పోయినయి. మీ దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 ఉంటే అది విండోస్‌కు ఉంచుకోండి, దానికోసం బూట్ ఆర్గ్యుమెంట్లు (సిస్టం లేచేటప్పుడు మ్యాక్‌ఓఎస్‌కు ఇచ్చే ఆదేశాలు) వెతుక్కుంట రాత్రులు కరాబ్ చేస్కోకండి.

ఏఎండీల కూడ అన్నీ నడవయి, ఇక్కడనే చానమంది దెబ్బ తింటరు. ఆర్‌ఎక్స్ 570, 580 నడుస్తయి, వేగా 56, 64 నడుస్తయి, 5500 ఎక్స్‌టీ, 5600 ఎక్స్‌టీ, 5700 ఎక్స్‌టీ నడుస్తయి. 6600, 6600 ఎక్స్‌టీ మాంటెరీ 12.1 నుంచి, 6800, 6800 ఎక్స్‌టీ, 6900 ఎక్స్‌టీ బిగ్ సర్ 11.4 నుంచి నడుస్తయి. మధ్యల ఉన్న 6700 ఎక్స్‌టీకి మాత్రం ఆపిల్ డ్రైవర్ పెట్టలేదు. నూట్‌ఆర్‌ఎక్స్ అనే కెక్స్ట్‌తోని దాన్ని నడిపిస్తరు, అది పెడితే వాటెవర్‌గ్రీన్ అనే మామూలు గ్రాఫిక్స్ కెక్స్ట్ తీసెయ్యాలె, కానీ రోజు పని చేసే సిస్టంకు నేను అది చెప్ప. 6400, 6500 ఎక్స్‌టీ నడవయి, 7000 సిరీస్ మొత్తం నడవదు. ఇప్పుడు కొనేటోళ్లకు నా మాట ఒక్కటే, ఆర్‌ఎక్స్ 6600 తీస్కోండి. 8 జీబీ మెమరీ, 132 వాట్ల కరెంటు, ఒక్క 8 పిన్ కనెక్టర్, 450 వాట్ల మంచి పవర్ సప్లై చాలు. 580కైతే 185 వాట్లు గుంజుతది, వేడి కూడ ఎక్కువ.

పైసలు తక్కువున్నోళ్లు సెకండ్ హ్యాండ్‌ల 580 చూస్తరు, సికింద్రాబాద్‌ల ఉన్న కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పొద్దుగాల రైలుకు పోయి పట్టుకొస్తరు. తప్పేం లేదు గానీ జర పైలం, మార్కెట్‌ల 580 పేరు మీద రెండు రకాలు తిరుగుతున్నయి. అసలు 580ల 2304 షేడర్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటయి. ఇంకోటి 2048ఎస్‌పీ అని వస్తది, అది లోపల 570 చిప్పే, డబ్బా మీద మాత్రం 580 అని ఉంటది. ఆ రెండోదాని డివైస్ ఐడీ (కార్డు గుర్తింపు నంబర్) వేరే కాబట్టి మ్యాక్‌ఓఎస్ దాన్ని నేరుగ గుర్తుపట్టది. షాపాయనను విండోస్ సిస్టంల పెట్టి జీపీయూ-జెడ్ తెరిచి చూపెట్టమనండి, లేకుంటే డివైస్ మేనేజర్‌ల కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అక్కడ 67డీఎఫ్ అని ఉంటే మ్యాక్‌ఓఎస్ దాన్ని నేరుగ గుర్తుపడతది, 6ఎఫ్‌డీఎఫ్ అని ఉంటే అది 2048ఎస్‌పీ. ఇప్పటికే కొన్నోళ్లు పరేషాన్ కావద్దు, ఓపెన్‌కోర్ సెట్టింగుల ఫైల్ అయిన కాన్ఫిగ్‌ల డివైస్ ప్రాపర్టీస్ కింద ఆ కార్డు పాత్ రాసి డివైస్ ఐడీని డీఎఫ్ 67 00 00 అని డేటా రకంల పెడితే మ్యాక్‌ఓఎస్ దాన్ని మామూలు 580 అనుకుంటది. అక్షరాలు తిరగేసి రాస్తున్నం చూడండి, అది అట్లనే రాయాలె, సీదా రాస్తే పని చెయ్యదు. మైనింగ్‌ల నలిగిన కార్డులు కూడ చాన ఉంటయి కాబట్టి ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు సప్పుడు వినండి, ఇంటికి తెచ్చినంక థర్మల్ పేస్ట్ మార్చుకోండి.

ప్రాసెసర్ల ఉన్న ఐజీపీయూను, అంటే దాని లోపలనే ఉండే గ్రాఫిక్స్ చిప్‌ను, చానమంది పట్టించుకోరు, దానికి కార్డుకు జోడీ కుదిరితేనే ఎడిటింగ్ స్పీడ్ వస్తది. ఎనిమిది నుంచి పదో జనరేషన్ దాక మామూలు డెస్క్‌టాప్ ఐ5, ఐ7లల్ల ఉండే యూహెచ్‌డీ 630కి మ్యాక్‌ఓఎస్‌ల డ్రైవర్ ఉంది. పదకొండో జనరేషన్ నుంచి వచ్చే 730, 750, 770లకు లేదు. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లల్ల, అంటే 10400ఎఫ్ లాంటి వాటిల్ల, అసలు ఐజీపీయూనే ఉండది. ఇది యాదికి పెట్టుకోండి, కింద ఎస్‌ఎంబయోస్ దగ్గర మళ్ల పనికొస్తది.

ఇగ బయోస్‌లకు పోండి. సీఎస్‌ఎం డిసేబుల్, సెక్యూర్ బూట్ డిసేబుల్, ఫాస్ట్ బూట్ డిసేబుల్, సాటా ఏహెచ్‌సీఐ, ఇవి అందరికి తెలిసినయే. గ్రాఫిక్స్‌కు ముఖ్యమైనయి ఇవి: అబవ్ 4జీ డీకోడింగ్ ఎనేబుల్ చెయ్యాలె. మీ బోర్డుల ఆ ఆప్షన్ లేకుంటేనే ఎన్‌పీసీఐ బూట్ ఆర్గ్యుమెంట్ పెట్టండి, రెండూ ఒక్కసారి పెట్టొద్దు. ప్రైమరీ డిస్‌ప్లే పీసీఐఈ లేదా పీఈజీ అని పెట్టాలె. ఇంటర్నల్ గ్రాఫిక్స్ ఆటోల ఉంటే కార్డు పెట్టంగనే బోర్డు దాన్ని బంద్ చేస్తది, కాబట్టి ఆటో తీసేసి ఎనేబుల్డ్ అని పెట్టండి, డీవీఎంటీ ప్రీ అలోకేటెడ్ 64 ఎంబీ పెట్టండి. రీసైజబుల్ బార్ ఆన్‌ల ఉంటే ఓపెన్‌కోర్‌ల బూటర్ క్విర్క్స్ కింద రీసైజ్ ఆపిల్ జీపీయూ బార్స్ విలువ 0 ఉండాలె, బయోస్‌ల ఆఫ్ చేస్తే అక్కడ మైనస్ 1 ఉంచండి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలె, బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐకి కాదు. చిన్న ముచ్చటే గానీ, అంత చేసి ఇక్కడ ఆగినోళ్లు చానమంది ఉన్నరు.

తర్వాత ఈఎఫ్‌ఐ ఫోల్డర్, అంటే ఓపెన్‌కోర్, కెక్స్ట్‌లు, కాన్ఫిగ్ అన్నీ ఉండేది. పాత బూట్‌లోడర్ క్లోవర్ మీద ఉన్నోళ్లు ఓపెన్‌కోర్‌కు మారండి. ఎవరో పంపిన ఈఎఫ్‌ఐ దించి నేరుగ వాడకండి, ఓపెన్‌కోర్ కోసం ఆన్‌లైన్‌ల ఉన్న డోర్టానియా గైడ్ చూసి మీ ప్రాసెసర్ జనరేషన్‌కు తగ్గట్టు మీరే చేస్కోండి, ఒక పూట పడతది గానీ ఏది ఎందుకున్నదో మీకు తెలుస్తది. కెక్స్ట్‌లల్ల గ్రాఫిక్స్‌కు కావాల్సినయి లిలు, వాటెవర్‌గ్రీన్. కాన్ఫిగ్‌ల కర్నల్ కింద వరుసల లిలు ముందుండాలె, వాటెవర్‌గ్రీన్ దాని తర్వాతనే, ఎందుకంటే అది లిలు మీద ఆధారపడి నడుస్తది. కాన్ఫిగ్ ఫైల్‌ను ప్రాపర్‌ట్రీ అనే ఎడిటర్‌తోని తెరిచి మార్చండి, సేవ్ చేసినంక ఓపెన్‌కోర్‌తోని వచ్చే ఓసీ వ్యాలిడేట్ ఒకసారి నడిపి తప్పులు లేవని చూస్కోండి.

5000, 6000 సిరీస్ కార్డులకు బూట్ ఆర్గ్యుమెంట్ల ఒకటి తప్పకుండ ఉండాలె, అది లేకుంటే ఆపిల్ లోగో కింద గీత నిండినంక స్క్రీన్ నల్లగైతది, సిస్టం లోపల నడుస్తనే ఉంటది గానీ బొమ్మ రాదు. ఇంగ్లీష్ చిన్న అక్షరాలల్ల వరుసగ టైప్ చెయ్యండి: ఏ, జీ, డీ, పీ, ఎం, ఓ, డీ, ఈక్వల్ గుర్తు, పీ, ఐ, కే, ఈ, ఆర్, ఏ. మధ్యల స్పేస్ వద్దు. మ్యాక్‌ఓఎస్ బూట్ అయ్యేటప్పుడు ఇది ఏ మోడల్ మ్యాక్ అని బోర్డ్ ఐడీ చూస్తది, ఆ చెకింగ్‌ను ఈ ఆర్గ్యుమెంట్ ఆపుతది. 570, 580లకు ఇది అక్కర లేదు.

ఐజీపీయూను కార్డుకు తోడుగ పెట్టాలంటే హెడ్‌లెస్ చెయ్యాలె, అంటే బొమ్మ పంపే పని కార్డుకు, వీడియో ఎన్‌కోడింగ్‌ల సాయం ఐజీపీయూకు. డివైస్ ప్రాపర్టీస్‌ల ఐజీ ప్లాట్‌ఫామ్ ఐడీ విలువ ఎనిమిది, తొమ్మిది జనరేషన్లకు 0300913ఈ, పదో జనరేషన్‌కు 0300సీ89బీ. కార్డు లేకుంట ఉత్త యూహెచ్‌డీ 630 మీదనే నడిపేటోళ్లు 07009బీ3ఈ పెట్టుకోవాలె. హెడ్‌లెస్ విలువ పెట్టి మానిటర్‌ను బోర్డుకు గుచ్చితే బొమ్మ రాదు.

ఎస్‌ఎంబయోస్ అంటే మన సిస్టం ఏ మ్యాక్ అని చెప్పుకుంటదో అది. ఐజీపీయూ ఉన్నోళ్లు తొమ్మిదో జనరేషన్‌కు ఐమ్యాక్ 19,1, పదో జనరేషన్ ఐ5, ఐ7లకు ఐమ్యాక్ 20,1 పెట్టండి. ఎఫ్ ప్రాసెసర్ ఉన్నోళ్లు మాత్రం మ్యాక్‌ప్రో 7,1 లేదా ఐమ్యాక్‌ప్రో 1,1 పెట్టుకోవాలె. ఎందుకంటే మామూలు ఐమ్యాక్ అని చెప్పంగనే మ్యాక్‌ఓఎస్ హెచ్264, హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ల పని కోసం ఐజీపీయూను వెతుకుతది, మీ దగ్గర అది లేదాయె. మ్యాక్‌ప్రో అని చెప్తే ఆ పని మొత్తం ఏఎండీ కార్డుకే ఇస్తది. కార్డు మంచిదే అయినా ఎక్స్‌పోర్ట్ స్లోగ అయితుందంటే మొదలు ఇదే చూడండి, పైసా ఖర్చు లేకుంట స్పీడ్ పెరిగే జాగ ఇదే.

మార్చినయి సేవ్ చేసినంక ఓపెన్‌కోర్ మెనూల స్పేస్ బార్ కొడితే రీసెట్ ఎన్‌వీర్యామ్ కనవడ్తది, అది ఒకసారి చెయ్యండి, లేకుంటే పాత బూట్ ఆర్గ్యుమెంట్లే పట్టుకొని కూసుంటది. లోపలికి వచ్చినంక అబౌట్ దిస్ మ్యాక్‌ల కార్డు పేరు, 8 జీబీ పక్కాగ కనవడాలె. సిస్టం ఇన్ఫర్మేషన్‌ల గ్రాఫిక్స్ కింద మెటల్ (ఆపిల్ గ్రాఫిక్స్ సిస్టం) సపోర్ట్ అని ఉండాలె. యాక్టివిటీ మానిటర్ తెరిచి కమాండ్ 4 కొడితే జీపీయూ హిస్టరీ వస్తది, ఫైనల్ కట్‌ల ఒక క్లిప్ ఎక్స్‌పోర్ట్ పెట్టి అండ్ల గీతలు లేస్తున్నయా చూడండి. కార్డు గీత పడుకొనే ఉండి సీపీయూ వంద దగ్గర ఉన్నదంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పట్టలేదని అర్థం, మళ్ల ఎస్‌ఎంబయోస్ దగ్గరికి పోండి. వీడియోప్రాక్ అనే యాప్‌ల కూడ హెచ్264, హెచ్‌ఈవీసీ టిక్ మార్కులు కనవడ్తయి.

కెమెరా ముచ్చట ఒకటి చెప్పాలె. ఇప్పుడు మన దగ్గర పెండ్లిళ్లల్ల సోనీ ఏ7 4 లాంటి కెమెరాలు వాడుతున్నరు, అండ్ల 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే) హెచ్‌ఈవీసీల తీస్తే యూహెచ్‌డీ 630 గానీ 6600 గానీ దాన్ని హార్డ్‌వేర్‌ల డీకోడ్ చెయ్యలేవు, బరువంత సీపీయూ మీద పడి టైంలైన్ ఆగి ఆగి నడుస్తది. కాన్ఫిగ్ తప్పుందనుకొని దాన్ని కెలకకండి. ఫుటేజ్ ఇంపోర్ట్ చేసేటప్పుడే ప్రాక్సీ మీడియా (ఎడిటింగ్‌కు తేలికైన కాపీలు) చేస్కోండి, రాత్రి పెట్టి పండుకుంటే తెల్లారేసరికి అయిపోతది, ఎడిటింగ్ మొత్తం ప్రాక్సీ మీద చేసి ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఒరిజినల్‌కు మార్చుకోండి. లేదంటే షూటింగ్‌కు పోయేటోళ్లకే రంగుల వివరం కొంచెం తక్కువుండే 4:2:0ల తియ్యుమని చెప్పండి, ఆల్బమ్ హైలైట్స్‌కు అది చాలు.

ఎండకాలం మంచిర్యాల, రామగుండం దిక్కు రూంల ఏసీ లేకుంటే కార్డు వేడెక్కి స్పీడ్ తానే తగ్గించుకుంటది. రేడియన్ సెన్సార్ కెక్స్ట్ పెడితే టెంపరేచర్ కనవడ్తది. క్యాబినెట్‌కు ముంగట ఒకటి, వెనక ఒకటి ఫ్యాన్ పెట్టండి, దుమ్ము బ్లోయర్‌తోని కొట్టిపియ్యండి. కరెంటు పోయి వచ్చే ఊర్లల్ల యూపీఎస్ లేకుంట ఎక్స్‌పోర్ట్ పెట్టకండి.

ఆఖరుకు, ఆటోమేటిక్ అప్‌డేట్ బంద్ చేసి పెట్టుకోండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మొదలు ఓపెన్‌కోర్, లిలు, వాటెవర్‌గ్రీన్ కొత్తయి పెట్టి, పాత వెర్షనే బూట్ చేసి చూసి, అప్పుడు అప్‌డేట్ చెయ్యండి. నడుస్తున్న ఈఎఫ్‌ఐని ఒక పెన్‌డ్రైవ్‌ల కాపీ చేసి టేబుల్ సొరుగుల పెట్టండి, ఏదన్న కరాబైతే ఆ పెన్‌డ్రైవ్‌తోని బూట్ చేసి లోపలికి పోయి సరిచేస్కోవచ్చు.