పాత కారుకి ఆయిల్ కొనే ముందు జింక్ ఎంతుందో చూడండి

పాత కారుకి ఆయిల్ కొనడంలో తలనొప్పి ఏంటంటే, డబ్బాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, చివరికి ఖరీదైనదే మంచిదనుకుని తెచ్చేస్తాం. ముందు మాన్యువల్‌లో గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం) చూసుకోండి, చాలా పాత ఇంజిన్లకి 20డబ్ల్యూ-50 అనే ఉంటుంది. తర్వాత ఫోన్‌లో ఆ ఆయిల్ పేరు కొట్టి, దాని డేటా షీట్ తెరిచి జింక్, ఫాస్ఫరస్ ఎంతున్నాయో వెతకండి. పాత కార్లలో ఎక్కువగా ఉండే ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్లలో క్యామ్ (తిరుగుతూ వాల్వుల్ని తెరిపించే భాగం) నేరుగా ట్యాపెట్ (ఆ కదలికని వాల్వుకి అందించే ముక్క) మీద రాసుకుంటూ తిరుగుతుంది, అక్కడ అరుగుదలని ఆపడంలో ఈ రెండిటిదే ముఖ్యమైన పని. ఒక్కోటి 1000 నుంచి 1200 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) ఉంటే సరిపోతుంది (షీట్‌లో శాతంలో ఇస్తే 0.1 అంటే 1000 అన్నమాట). ఇప్పటి కార్ల కోసం చేసే ఏపీఐ ఎస్‌పీ ప్రమాణపు 5డబ్ల్యూ-30 గ్రేడ్ ఆయిల్లో ఫాస్ఫరస్ 800 పీపీఎం దాటకూడదని రూల్, అందుకే అది ఎంత ఖరీదైనా ఈ పాత ఇంజిన్లకి పనికిరాదు. షీట్‌లో ఆ అంకెలే ఇవ్వకపోతే నేనైతే ఆ డబ్బా ముట్టుకోను.

ఒక్క జాగ్రత్త, మీ కారుకి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) ఉంటే ఈ లెక్క వద్దు, ఫాస్ఫరస్ ఎక్కువైతే అది పాడవుతుంది. అలాంటి కారుకి మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి.