పడ్డాక మంచానికి అలవాటు చేయకండి: వానాకాలంలో పెద్దవాళ్ల జాగ్రత్తలు

మొన్న తొలకరికి ఒక పెద్దావిడ తడి వాకిట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక అందరూ కలిసి మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఇప్పుడు తనంతట తాను లేవలేకపోతోంది. ఎత్తి దించే మనిషి ఇంట్లో లేక పిల్లలు వృద్ధాశ్రమాల ఫీజులు వాకబు చేస్తున్నారు.

తడి నేల, గుడ్డి లైటు, అరిగిన చెప్పుల సంగతి మీకు తెలిసిందే. కొంప ముంచేది ఆ తర్వాత ప్రేమతో అనే మాట: "కదలకమ్మా, రెస్ట్ తీసుకో." ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే పది రోజులు మంచం మీదుంటే కాళ్లలో కిలో దాకా కండ కరుగుతుంది. తిరిగి పట్టడానికి నెలలు కావాలి. సర్జన్ వద్దంటే తప్ప, తుంటి ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టాలి. కాలి మీద ఎంత బరువు మోపొచ్చో డిశ్చార్జి రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి. అది లేకపోతే భయమేసి పడుకోబెట్టేస్తారు. మామూలు జ్వరానికీ ఇంతే. మూడు పూటలా తిండి కుర్చీలోనే.

ముసురు పట్టకముందే ఒక పరీక్ష చేయండి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో సత్తువ తగ్గినట్టే, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. బీపీ పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడండి. నిలబడ్డాక పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. బీపీ మాత్రలో ప్రోస్టేటు మాత్రలో కారణం కావచ్చు.

నిద్రమాత్ర సొంతంగా మొదలెట్టొద్దు. ఏళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు. మత్తొచ్చే జలుబు మాత్రలూ వద్దు, వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ అనే మందుతో అయోమయం రావచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. బాత్రూం గడియ పెట్టుకోనివ్వొద్దు. గోడకు డ్రిల్ చేసి పట్టుకునే కడ్డీ బిగించండి, టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే "వయసు" అని వదిలేయొద్దు. యూరిన్ ఇన్ఫెక్షనో రక్తంలో ఉప్పు (సోడియం) తగ్గడమో కావచ్చు, అదే రోజు ఆస్పత్రికి. మీ సౌకర్యానికి డైపర్ వేయొద్దు, రెండు గంటలకోసారి బాత్రూంకి నడిపించండి. అంత దూరం నడవలేకపోతే మంచం పక్కన కమోడ్ కుర్చీ, బెడ్‌పాన్ కాదు. చారన్నంతో కండ పట్టదు, పూటపూటా పప్పో గుడ్డో పెరుగో ఉండాలి. మళ్లీ చెబుతున్నా, మంచం మీంచి దించండి. దించేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు, భుజం జారొచ్చు. మంచాన పడ్డది పెద్దాయన అయితే, ఆయన్ను లేపే డెబ్బై ఏళ్ల భార్య నడుమూ చూడండి. ఆవిడ పడితే ఇద్దరినీ చూసే దిక్కుండదు. పగలు రెండు గంటలకైనా సాయానికి మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.