చెయ్యీ కాలూ పడిపోయిన మనిషిని ఇంట్లో చూసుకోవడం

మాది కావలి. పోయిన ఎండాకాలంలో మా ఆవిడకి పెరాలసిస్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాటా పోయింది. మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలితే ఎక్కువమందికి ఇట్లాగే అవుతుందని అప్పుడే తెలిసింది. నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులుండి ఇంటికొచ్చాం. వాళ్లిచ్చిన కాగితాల్లో మాత్రల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ ఉన్నాయి గానీ ఆ రాత్రి ఆమెని పక్కకి ఎట్లా తిప్పాలో లేదు. అన్నం వార్చడం కూడా రాని నాలాంటి మొగుళ్లు చాలామందే ఉంటారు కాబట్టి, నేను తప్పులు చేసి నేర్చుకున్నవి రాస్తున్నాను.

ముందు నా పెద్ద తప్పు. రెండో రోజు పొద్దున ఆమెని కూర్చోబెట్టడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగాను. ఆ పక్క కండలకి పట్టు ఉండదు, జబ్బ దగ్గర కీలు వేలాడుతూ ఉంటుంది, లాగితే జారుతుంది. మూడు నెలలు జబ్బ నొప్పితో ఆమె పడ్డ బాధ నా పుణ్యమే. ఆ చెయ్యిని ఎప్పుడూ లాగకూడదు, చంక కింద చెయ్యి పెట్టి ఎత్తకూడదు. కూర్చోబెట్టాలంటే ముందు పక్కకి తిప్పి, కాళ్లు మంచం దించి, వీపు వెనక రెక్క ఎముక మీద మన అరచెయ్యి ఆనించి లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి కిందకి వేలాడకుండా ఒళ్లో దిండు పెట్టి దాని మీద ఉంచాలి. ఇదంతా డిశ్చార్జికి ముందే ఫిజియో అబ్బాయి చేత ఒకసారి చేయించుకుని, మనం చేస్తుంటే చూడమని అడగండి. సిగ్గుపడితే మనకే నష్టం.

నవారు మంచం పనికిరాదు, నడుము కుంగిపోతుంది. కూర్చుంటే పాదాలు నేలకి ఆనేంత ఎత్తున్న చెక్కమంచం మంచిది. కదల్లేనన్నాళ్లూ రెండు గంటలకోసారి పక్కకి మార్చాలి, రాత్రి కూడా. నేను ఫోన్లో అలారం పెట్టుకున్నాను, మొదటి వారం నిద్ర లేక పిచ్చెక్కినట్టయింది. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. రోజూ పిరుదులు, నడుం కింద, మడమలు చూడాలి. ఎర్రగా కనబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడాలి, తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతున్నట్టే, డాక్టరుకి చూపించాలి. అక్కడ రుద్దితే ఇంకా చెడుతుంది. మన నెల్లూరు ఉక్కపోతకి పౌడరు చల్లితే చెమటకి ముద్ద కట్టి ఒరుసుకుంటుంది, దానికన్నా తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టి, నూలు దుప్పటి ముడతలు లేకుండా పరచడం మేలు. ఎయిర్ బెడ్ అద్దెకి దొరుకుతుంది, తెచ్చుకోండి. కాకపోతే కరెంటు ఎక్కువసేపు పోతే గాలి దిగుతుంది, ఆ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకండి.

తిండి దగ్గర తొందరొద్దు. నీళ్లు తాగుతూ పొలమారితే మనం 'ఎవరో తలుచుకుంటున్నారు' అని తల మీద తట్టి ఊరుకుంటాం. ఈ జబ్బులో మాత్రం అది గొంతు సరిగ్గా మూసుకోవడం లేదని అర్థం. నీళ్లో అన్నమో ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. పల్చటి నీళ్లు, మజ్జిగే ఎక్కువ మోసం చేస్తాయి, చిక్కటి రాగిజావ, మెత్తగా మెదిపిన ఇడ్లీ నయం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని, చిన్న చెంచాతో మంచి పక్క నుంచి పెట్టాలి. మింగాక గొంతు గరగరలాడితే అక్కడితో ఆపి డాక్టరుకి చెప్పాలి. తిన్నాక పడిపోయిన పక్క బుగ్గలో మెతుకులు ఉండిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీసెయ్యండి. వెంటనే పడుకోబెట్టకుండా అరగంట కూర్చోనివ్వండి.

ఉప్పు సంగతి మనవైపు వాళ్లకి కష్టమైన సంగతే. మనిషికి రోజుకి 5 గ్రాములకి మించి వద్దంటారు, అంటే ఒక చిన్న చెంచా, అన్నింటిలోనూ కలిపి. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఉంటే ఆ లెక్క అక్కడే అయిపోతుంది. చేపల పులుసు మాత్రం నేను మానిపించలేదు, ఉప్పు తగ్గించి మామిడికాయ ముక్క ఇంకోటి వేస్తాను. మెత్తబడ్డ చేపని ముళ్లు తీసి, రెండుసార్లు వెతికి పెడతాను.

మాత్రలు పొద్దున, రాత్రి అని రెండు డబ్బాల్లో వేసుకోండి. రక్తం పలుచన చేసే మాత్ర, బీపీ మాత్ర, కొవ్వు మాత్ర 'బాగానే ఉంది కదా' అని మన ఇష్టానికి ఆపకూడదు, రెండోసారి రావడానికి అదే దారి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వెయ్యకూడదు. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా అదే రోజు డాక్టరుకి చెప్పాలి. బీపీ అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాక మంచి చేతికే చూసి, తేదీ వేసి క్యాలెండర్ మీద రాయండి, డాక్టరు అడిగే మొదటి మాట అదే.

బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. నడిపించేటప్పుడు పడిపోయిన పక్కనే నిలబడాలి. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి వెయ్యండి. బాత్రూమ్‌లో గోడకి ఒక కడ్డీ, ఒక కమోడ్ కుర్చీ, ఈ రెండూ ఫ్రిజ్ కన్నా ముందు కొనాల్సినవి.

అన్నిటికన్నా కష్టం మనం చేతులు కట్టుకుని ఉండటం. గుండీ పెట్టుకోవడానికి ఆమెకి పది నిమిషాలు పడుతుంది, నాకు అర నిమిషం. నేను పెట్టేస్తే పని అయిపోతుంది, కానీ ఆ చెయ్యి మాత్రం ఏమీ నేర్చుకోదు. మాట కూడా అంతే. ఆమె 'కాఫీ' అనలేదు గానీ చెయ్యి కాలితే 'అయ్యో దేవుడా' అని స్పష్టంగా అనేది, ఒకటి నుంచి పది దాకా లెక్క పెట్టేది. అలవాటుగా వచ్చే మాటలు మిగిలి ఉంటాయట, కావాలని వెతికే మాట దొరకదు. విషయం చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది, కాబట్టి గట్టిగా అరవక్కర్లేదు. టీవీ కట్టేసి, ఒకసారికి ఒకటే అడగండి, అవును, కాదుతో చెప్పేలా అడగండి, ఆమె మాట వెతుక్కుంటుంటే మీరు పూర్తి చెయ్యకండి. (నేను ఇప్పటికీ చేస్తాను. ఆమె కళ్లెర్ర చేస్తుంది.)

పరామర్శకొచ్చేవాళ్లకి నా దండం. మంచం పక్కనే నిలబడి "ఎట్టుండే మనిషి ఎట్టయిపోయిందబ్బా" అంటారు, ఆమె విననట్టు. ఒకరు పావురం రక్తం రాయమంటారు, ఇంకొకరు ఎవరో ఆకుమందు ఇస్తారట అంటారు. నేను గుమ్మంలోనే ఆపి "ఆమెకి అన్నీ అర్థమవుతాయి, ఆమెతోనే మాట్లాడండి" అని చెప్పడం మొదలెట్టాను. ఒకరిద్దరికి కోపమొచ్చింది, రానీ. కారణం లేకుండా ఏడవడం, నవ్వడం కూడా జబ్బులో భాగమే. కానీ వారాల తరబడి దిగులుగా, తిండి మీద ధ్యాస లేకుండా ఉంటే అది వేరు, దానికీ మందులున్నాయి, డాక్టరుకి చెప్పండి.

ఎవరైనా 'ఏమన్నా సాయం కావాలా' అంటే వద్దనకండి. "ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు కూర్చో అక్కా, నేను నిద్రపోతాను" అని నేరుగా అడిగాను మా వదినని. ఆమె వచ్చింది.

పెన్షన్ సంగతి చాలామందికి తెలియదు. మన ఆంధ్రాలో అయితే ఊళ్లోని సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని, పరీక్షకి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2024 నుంచి వికలాంగుల పెన్షన్ నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000.

ఇంకొకటి, మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దయినా నీళ్లూ మాత్రా ఏదీ నోట్లో వెయ్యకుండా వెంటనే 108కి చెయ్యాలి. మెదడులో రక్తం గడ్డకడితే దాన్ని కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే. కావలి నుంచి నెల్లూరుకే గంట పోతుంది, కాబట్టి రాత్రీ పగలూ స్కాన్ ఉండే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి, చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తుంచుకోండి, వాళ్లు అడుగుతారు. మందుల చీటీ, ఆధార్, పాత స్కాన్ జిరాక్స్ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి తలుపు పక్కన మేకుకి తగిలించాను. అందులో కరెంటు బిల్లు పెట్టొద్దని మా వాడికి ఇప్పటికీ చెప్తూనే ఉన్నాను.